మూసిన గదిలో పొగ: మర్యాద ఎక్కడ మొదలవుతుంది?

పొగాకు మీద వైద్యులు రాసే వ్యాసాలు సాధారణంగా పొగ తాగేవారిని ఉద్దేశించి ఉంటాయి. ఈ వ్యాసం తాగనివారి కోసం రాస్తున్నాను. ముఖ్యంగా, పక్కవారు సిగరెట్టు వెలిగించినప్పుడు ఆ గదిలో నుంచి లేచి వెళ్ళిపోయే వీలు లేనివారి కోసం. అటువంటివారు మన ఇళ్ళలో ఉన్నారు, దుకాణాలలో ఉన్నారు, ఒకప్పుడు ప్రతి పట్టణంలోనూ వెలసిన నెట్ సెంటర్లలోనూ ఉన్నారు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఇంటర్నెట్ ఉంది గనుక నెట్ సెంటర్ అన్న మాట చిన్నవారికి వింతగా తోచవచ్చు. 2000 తరువాత పది పదిహేనేళ్ళపాటు జనగామ వంటి పట్టణాలలో అది అందరికీ అవసరమైన చోటు. ఎంసెట్ ఫలితం చూసుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పంపాలన్నా, రైలు టికెట్టు తీసుకోవాలన్నా అక్కడికే వెళ్ళేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు తండ్రులను వెంటబెట్టుకుని వచ్చేవారు. గది చిన్నది. ప్లైవుడ్ చెక్కలతో అరలు, అరకొక కంప్యూటరు, ముందొక తెర. కంప్యూటర్లకు దుమ్మూ వేడీ పడవు గనుక కిటికీలు మూసి, ఏసీ పెట్టి, తలుపు వేసి రావలసిందిగా కాగితం అంటించేవారు. ఆ తెరల వెనుక గంటల తరబడి ఆటలాడే యువకులు ఒకరి తరువాత ఒకరు సిగరెట్టు ముట్టించేవారు. ఆ గదులు కొన్ని నేడు జిరాక్స్ దుకాణాలయ్యాయి, కొన్ని ఆన్‌లైన్ దరఖాస్తుల కేంద్రాలయ్యాయి, మరికొన్ని గేమింగ్ సెంటర్లయ్యాయి. బోర్డు మీది పేరు మారింది గానీ మూసిన తలుపు, తిరిగే ఏసీ అలాగే ఉన్నాయి.

ఆ గదిలోని గాలి సంగతి ముందు తెలుసుకుందాం. సిగరెట్టు నుంచి రెండు రకాల పొగ వస్తుంది. తాగేవాడు పీల్చి వదిలేది ఒకటి. దమ్ముకూ దమ్ముకూ నడుమ వేళ్ళ సందున ఊరికే కాలుతూ, కొస నుంచి లేచేది రెండవది. గదిలో నిండే పొగలో ఎక్కువ భాగం ఈ రెండవదే. అది తక్కువ వేడిలో సరిగా మండక పుట్టిన పొగ. ఏ ఫిల్టరు గుండానూ వచ్చినది కాదు. అందువల్ల అనేక విషపదార్థాలు, తాగేవాడు నేరుగా లోపలికి పీల్చే పొగలో కంటే దీనిలో ఎక్కువ మోతాదులో ఉంటాయి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయని, వాటిలో 70 వరకు క్యాన్సర్ కలిగించేవని శాస్త్రవేత్తలు గుర్తించారు. అందులోని కార్బన్ మోనాక్సైడ్, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పొగ నిండిన గదిలో తలనొప్పి రావడానికి అదొక కారణం.

“ఏసీ ఉంది కదా డాక్టరు గారూ, పొగ ఎక్కడ నిలుస్తుంది?” అని నన్ను చాలామంది అడిగారు. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ ఆ గదిలోకే వదులుతుంది. దానిలోని జల్లెడ దుమ్మును ఆపుతుంది. పొగలోని వాయువులను, అతి సన్నని కణాలను ఆపలేదు. ఎగ్జాస్టు ఫ్యాను పొగను కొంత తగ్గిస్తుంది గానీ పూర్తిగా తొలగించదు. పక్కవారి పొగలో ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ లేదని 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది. ఇంట్లో గానీ పనిచేసే చోట గానీ ఇతరుల పొగ పీల్చేవారికి గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని ఆ నివేదికే వివరించింది. పిల్లలలో ఉబ్బసం ముదరడానికి, న్యుమోనియా, చెవిలో చీము వంటి బాధలు రావడానికి కూడా ఈ పొగ కారణమవుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా పది లక్షలకు మించిన మంది, తాము పొగ తాగకపోయినా, ఇతరుల పొగ వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ విషయాన్ని తొలిరోజుల్లోనే లోకం ముందు పెట్టినవారిలో ఒకరు జపాన్ పరిశోధకుడు తకేషి హిరయామా. పొగ తాగని 91,540 మంది గృహిణులను పద్నాలుగేళ్ళపాటు గమనించి, 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. భర్త తాగే సిగరెట్ల సంఖ్య పెరిగిన కొద్దీ, ఒక్క సిగరెట్టూ ముట్టని భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగిందన్నది దాని సారాంశం. పొగాకు కంపెనీలు ఆ వ్యాసాన్ని గట్టిగా ఎదిరించాయి. తరువాత అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు ఆయన మాటనే నిలబెట్టాయి.

అయితే ఆ జపాన్‌లో కూడా మూసిన గదులకు కట్టుదిట్టమైన నియమం రావడానికి చాలా కాలం పట్టింది. మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒకడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి నెట్ కెఫేల గురించి వాడు చెప్పగా ఆసక్తి కలిగి నేను కొంత చదివాను. అక్కడి నెట్ కెఫేలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న అర ఉంటుంది. బొమ్మల కథల పుస్తకాలు, తినుబండారాలు, కొన్నిచోట్ల స్నానపు గదులు కూడా ఉంటాయి. చివరి రైలు తప్పినవారు, ఇల్లు లేనివారు అక్కడే రాత్రి గడుపుతారు. పూర్వం లోపలికి వెళ్ళగానే పొగ తాగే సీటు కావాలా, తాగని సీటు కావాలా అని అడిగేవారు. రెండు రకాల సీట్ల నడుమ పలుచని అడ్డు ఉంటే, ఒకవైపు పొగ రెండోవైపుకు రాక మానదు కదా!

2020 ఏప్రిల్ 1 నుంచి అక్కడ సవరించిన ఆరోగ్య చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. పదిమంది వచ్చిపోయే భవనాలలో లోపల పొగ తాగడం సూత్రప్రాయంగా నిషిద్ధం. పాత చిన్న హోటళ్ళకు కొంత వెసులుబాటు ఉన్నా, తక్కిన చోట్ల పొగ తాగాలంటే అందుకోసమే కట్టిన గదిలోకి వెళ్ళాలి. అటువంటి గది ఉన్నట్టు వాకిట్లోనే గుర్తు పెట్టాలి. ఇరవై ఏళ్ళు నిండనివారు ఆ గదిలో అడుగు పెట్టరాదు. అక్కడ ఊడ్చేందుకు వెళ్ళే పనివాడైనా సరే. నియమం మీరిన యజమానికి 5 లక్షల యెన్‌ల వరకు, పొగ తాగినవారికి 3 లక్షల యెన్‌ల వరకు జరిమానా పడవచ్చు. ఆ చట్టంలో నాకు అన్నింటికంటే నచ్చినది పనివాడి గురించిన నిబంధన. వినియోగదారుడు గంట కూర్చుని వెళ్ళిపోతాడు. పనివాడు రోజంతా అక్కడే ఉంటాడు. చట్టం ఆ ఇద్దరిలో రెండవవాడిని కూడా చూసింది.

మన చట్టం ఏమంటున్నదో ఇప్పుడు చూద్దాం. బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడాన్ని ఆపవలసిందిగా సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న, మురళీ దేవరా దాఖలు చేసిన కేసులో ఆదేశించింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దాని కింద కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. పనిచేసే చోట్లు, హోటళ్ళు, సినిమా హాళ్ళు, క్యాంటీన్లు వంటి జనం వచ్చిపోయే మూసిన చోట్లన్నీ వాటి పరిధిలోకి వచ్చాయి. నెట్ సెంటరూ అందులోదే. ముప్ఫై గదులకు తగ్గని హోటల్, ముప్ఫై మంది కూర్చునే రెస్టారెంటు, విమానాశ్రయం మాత్రమే పొగ తాగేవారికి ప్రత్యేక గది పెట్టుకోవచ్చు. నెట్ సెంటర్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. అంటే జపాన్ కంటే పన్నెండేళ్ళు ముందే, అంతకంటే కఠినమైన నియమం మన దగ్గర ఉంది.

అదే చట్టం ప్రకారం వాకిట్లో కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డు ఉండాలి. ఇక్కడ పొగ తాగడం నేరమని దాని మీద రాయాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు కనిపించాలి. యాష్‌ట్రే గానీ, అగ్గిపెట్టె గానీ, లైటరు గానీ లోపల అందించరాదు. తాగినవారికి 200 రూపాయల వరకు జరిమానా. చూస్తూ ఊరుకున్న యజమానిదీ బాధ్యతే. మీరు నిత్యం వెళ్ళే చోట ఈ బోర్డు ఎన్నిచోట్ల చూశారో ఒకసారి గుర్తు చేసుకోండి. 2016-17లో జరిగిన జాతీయ స్థాయి పొగాకు సర్వేలో, మూసిన చోట పనిచేసేవారిలో 30.2 శాతం మంది అక్కడ ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పారు. ఇళ్ళలో పీల్చే పెద్దలు 38.7 శాతం.

“మనవాళ్ళు నియమం పాటించరు” అని నిట్టూర్చడం సులభం. నేను ఆ మాట ఒప్పుకోను. అందుకు నిదర్శనం మా దగ్గరే ఉంది. జనగామ నుంచి ఈశాన్యంగా వెళితే భూపాలపల్లి. అక్కడ సింగరేణి వారి కాకతీయ ఖని భూగర్భ గనులున్నాయి. బొగ్గుబాయిలోకి దిగే కార్మికుడు బీడీ, అగ్గిపెట్టె, లైటరు వెంట తీసుకుపోరాదు. దిగే ముందు తనిఖీ ఉంటుంది. రోజుకు కట్ట బీడీలు కాల్చే మనిషి కూడా షిఫ్టు అయ్యేవరకు ఒక్కటీ ముట్టించడు. అలా పనిచేసినవారు కొందరు నా దగ్గరకు వైద్యానికి వచ్చేవారు. అన్ని గంటలు ఎలా ఉండగలుగుతావని ఒకరిని అడిగితే, “ఒక్కని బీడీ అందరి పానం మీదికి వస్తది గద సార్” అన్నాడు. గనిలో మీథేన్ వాయువు ఉంటుంది. ఒక నిప్పురవ్వ చాలు. (వారిలో చాలామంది బీడీకి బదులు దవడన పొగాకు పెట్టుకుంటారు. అది నోటి క్యాన్సర్‌కు దారి. ఆ సంగతి మరొకసారి వివరంగా రాస్తాను.)

ఆ కార్మికుడికి చదువు తక్కువ కావచ్చు. తన పొగ పక్కవాడిని చంపగలదన్న నమ్మకం మాత్రం బలంగా ఉంది. నెట్ సెంటర్‌లో కూర్చున్న డిగ్రీ విద్యార్థికి లేనిది ఆ నమ్మకమే. గనిలో ప్రమాదం క్షణంలో జరుగుతుంది, అందరికీ కనబడుతుంది. మూసిన గదిలో అది ఏళ్ళ తరబడి జరుగుతుంది, ఒక్కొక్కరికి విడివిడిగా జరుగుతుంది. అందువల్ల అక్కడ చెల్లే క్రమశిక్షణ ఇక్కడ చెల్లడం లేదు.

ఇక మన మర్యాద సంగతి. పొగ విషయంలో తెలుగువారికి మర్యాద లేదనడం అన్యాయం. మీరూ చూసే ఉంటారు: నాన్నగారో, మేనమామో, చదువు చెప్పిన మాస్టారో ఎదురైతే యువకుడు చటుక్కున సిగరెట్టు వెనక్కి దాచుకుంటాడు, లేదా కాలికింద నలిపేస్తాడు. నలభై ఏళ్ళ మనిషి కూడా తండ్రి ముందు తాగడు. ఇది గౌరవం, సందేహం లేదు. కానీ అదే మనిషి ఇంటికి వచ్చి, మూడేళ్ళ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిశ్చింతగా సిగరెట్టు వెలిగిస్తాడు. నెట్ సెంటర్‌లో తనకంటే చిన్నవాడైన పనివాడిని పిలిచి, “పోయి ఒక సిగరెట్టు తీసుకరా” అని పంపుతాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి పొగాకు అమ్మడం, వారిచేత అమ్మించడం రెండూ నేరమన్న ఆలోచన అటు దుకాణదారుకూ ఉండదు, ఇటు పంపినవాడికీ ఉండదు. మన మర్యాద వయసునూ హోదానూ చూసి పైకి నడుస్తుంది. పొగ వల్ల ఎక్కువ దెబ్బతినేవారు కింద ఉన్నారు: పసిబిడ్డ, గర్భిణి, జీతానికి పనిచేసే కుర్రాడు.

“తాగవచ్చా అని అడిగే తాగుతాం కదా” అని కొందరంటారు. అడగడం మంచిదే. కానీ ఎవరిని అడుగుతున్నారో చూడండి. డబ్బు చెల్లించే వినియోగదారుడు అడిగితే, పనివాడు వద్దని చెప్పగలడా? ఇంటి పెద్ద అడిగితే కోడలు చెప్పగలదా? కాదనే స్వేచ్ఛ లేనివారి నుంచి వచ్చిన అనుమతికి విలువ లేదు. అందుకే మూసిన గదిలో ఈ ప్రశ్నే పుట్టకుండా నియమం ఉండాలి.

ఈ మాట నాకు అనుభవంలో తెలిసింది. ఒక నెట్ సెంటర్‌లో పనిచేసే ఇరవై ఏళ్ళ యువకుడు ఎడతెగని దగ్గుతో, రాత్రివేళ పిల్లికూతలతో నా దగ్గరకు వచ్చాడు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండి తగ్గిపోయిందట. బీడీ, సిగరెట్టు అలవాటు లేదు. అయినా వాళ్ళమ్మకు అనుమానం. చొక్కా నిండా పొగ వాసన వస్తోందని, కొడుకు తనకు అబద్ధం చెబుతున్నాడని ఆమె నా ముందే కంటతడి పెట్టింది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది వరకు తాను కూర్చునే గది ఎలా ఉంటుందో ఆ అబ్బాయి చెప్పాడు. మందులు రాశాను, పీల్చే మందు వాడే పద్ధతి నేర్పాను. కానీ ఆ గదిలోనే పదమూడు గంటలు గడిపితే మందు ఎంతవరకు పనిచేస్తుంది? పని మానమని చెప్పడానికి నోరు రాలేదు. చెల్లెలి చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

మరుసటి వారం ఆ యజమానితో నేనే మాట్లాడాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. లోపల తాగవద్దంటే గిరాకీ పక్క సెంటర్‌కు పోతుందని ఆయన భయం. ఒక నెల చూడమని కోరాను. లోపలి యాష్‌ట్రేలు తీసివేసి, వాకిలికి దూరంగా వేపచెట్టు కింద ఒక బల్ల వేయించారు. పొగ తాగి వచ్చేవరకు ఆ సమయాన్ని బిల్లులో లెక్కించబోమని కాగితం అంటించారు. ఆ చివరి ఆలోచన ఆయనదే, నాకు తట్టలేదు. గిరాకీ తగ్గలేదు. పైగా ఆడపిల్లలు, తల్లిదండ్రులు వెనుకటికంటే ఎక్కువగా రాసాగారు. ఆ అబ్బాయి దగ్గు ఒక్కరోజులో పోలేదు గానీ, రెండు నెలలకు రాత్రులు నిద్ర పట్టిందని వాళ్ళమ్మే వచ్చి చెప్పింది.

టోక్యోలో చియోదా అనే వార్డు ఉంది. వీధుల్లో నడుస్తూ సిగరెట్టు కాల్చడానికి 2002లో జరిమానా పెట్టినది ఆ వార్డే. మర్యాద నుంచి నియమానికి, నియమం నుంచి తిరిగి మర్యాదకు అన్నది వారు ఎంచుకున్న నినాదం. మర్యాదగా చెబితే వినలేదు గనుక నియమం పెట్టారు. ఆ నియమం అలవాటై, చివరకు ఎవరూ చెప్పనక్కరలేని మర్యాద కావాలన్నది వారి ఆశ. మన దగ్గర నియమం ఉంది. దానిని మర్యాదగా మార్చుకునే పని మిగిలింది. అందుకు మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను.

దుకాణం గానీ, సెంటర్ గానీ మీదైతే: బోర్డు పెట్టండి, యాష్‌ట్రే తీసివేయండి. తాగేవారికి బయట చోటు చూపించండి. అది తలుపుకూ కిటికీకీ దూరంగా ఉండాలి. మీ పనివాడిని సిగరెట్టు తెమ్మని పంపే అలవాటును మాన్పించండి. వద్దని చెప్పే భారం అతని మీద వేయకుండా మీరే చెప్పండి.

మీరు పొగ తాగేవారైతే: మూసిన గదిలో, కారులో, పిల్లలున్న ఇంట్లో వెలిగించకండి. తాగి వచ్చిన వెంటనే చంటిబిడ్డను ఎత్తుకోకండి. పొగ ఆరిపోయిన తరువాత కూడా కొంతసేపు ఊపిరిలో నుంచి ఆ వాయువులు వస్తూనే ఉంటాయి. జపాన్‌లోని ఇకోమా నగరపాలక సంస్థ, పొగ తాగిన ఉద్యోగులు 45 నిమిషాలపాటు లిఫ్టు ఎక్కరాదని 2018లో నియమం పెట్టింది అందుకే. మనం కనీసం చేతులు, నోరు కడుక్కుని, చొక్కా మార్చుకోవచ్చు.

మీరు తాగనివారైతే: మొహమాటపడకండి. గొడవ పడనక్కరలేదు. “అన్నా, జర బయట తాగరాదే, నాకు దగ్గు వస్తది” అని నెమ్మదిగా అంటే పదిమందిలో ఎనిమిదిమంది లేచి వెళతారని నా అనుభవం. వినకపోతే యజమానికి చెప్పండి. అక్కడ పనిచేసే కుర్రాడు అనలేని మాట మీరు అనగలరు.

మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. సిగరెట్టు పెట్టె మీద కూడా అది అచ్చు వేసి ఉంటుంది. ఫోన్ చేస్తే మానే పద్ధతిని సలహాదారులు వివరిస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్, మందులు కూడా ఉన్నాయి. వాటిని మీ వైద్యుడిని అడిగి వాడండి. మానడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, మధ్యలో తప్పటడుగులు పడవచ్చు. గదిలో తాగకుండా బయటకు వెళ్ళడానికి మాత్రం ఏ మందూ అక్కరలేదు. ఆ పని ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.